చేవ

నా చేతిలో అట్టకు బిగించిన కాగితాలు.
చెట్టు పేరు, వాడుక, ఏ భాగం, ఎంత దూరం:
వరసకు నాలుగు గళ్ళు.
దొర్వలీనా చేతిలో కొడవలి,
నెత్తిన పోయిన మొగుడి తోలు టోపీ.

ఎనిమిది నెలలుగా చినుకు లేదు.
కాటింగా అడవి ఎవరో తగలబెట్టి
మరిచిపోయినట్టు తెల్లగా నిలబడి ఉంది.
"చచ్చిందనుకుంటున్నావు కదూ"
అంటూ ఒక పుల్లను గోటితో గీకింది.
లోపల పచ్చన. తడి.

మొదట అరొయేరా.
బెరడు నానిన నీళ్ళు పచ్చి బాలింతకు,
గొంతు పుండుకు, కాలు విరిగిన మేకకు.
ఎలా తీయాలో రాయడానికి నా దగ్గర గడి లేదు.
అయినా చెప్పింది:
పొద్దుపొడుపు వైపు, అరచేయంత, ఒక్క పట్టీ.
చుట్టూ వలిచావా, చెట్టూ పోతుంది, మందూ పోతుంది.
బడి పక్కనున్న అరొయేరాకు ఒళ్ళంతా మచ్చలే.
"అందుబాటులో ఉన్నదానికే దెబ్బలన్నీ" అంది,
తన మోకాలు తడుముకుంటూ.

ఇంబురానా బెరడు రాగిరేకులా ఊడి వేలాడుతోంది.
దాని తొర్రలో కుట్టని తేనెటీగలు.
మొద్దు మొద్దుగా కోసి తెచ్చి
చూరుకు కట్టుకుంటే ఈగలు ఇంటివైపోతాయి.
మిగిలిన ముక్కతో జెనివాల్ చెంచాలు చెక్కేవాడు.
"ఎడమచేతి వాటం. అన్నీ ఒక పక్కకు ఒరుగుతాయి.
అది కూడా రాస్తావా?"
రాశాను.

ఉంబు చెట్టు వేళ్ళకు నీటి గడ్డలు.
వాళ్ళమ్మ చిన్నప్పటి కరువులో
వాటిని తవ్వి పిల్లల నోళ్ళలో పిండారట.
ఒక్క గడ్డ తీసి, మట్టి కప్పి రావాలి.
"చెట్టుకు దణ్ణం పెట్టక్కర్లేదు.
మళ్ళీ నీతో పని పడుతుందని చెబితే చాలు."

జురేమా దగ్గర మాత్రం గొంతు కురచైంది.
"బొగ్గు. రాసుకో. బొగ్గే."
కాసేపు ముళ్ళు తప్పిస్తూ నడిచింది.
"నీకంటే ముందు ఒకాయన వచ్చాడు.
మంచివాడే, ఇలాంటి అట్టే, ఇలాంటి కలమే.
ఏడాది తిరక్కుండా లారీలొచ్చాయి, రాత్రిపూట.
ఆయన తప్పని అనను.
కాగితానికి కాళ్ళుంటాయి."

బరఊనా గురించి అడిగాను.
తాత పాతిన కంచె గుంజను కాలితో తన్ని చూపింది.
చెదపురుగు దంతాలు అరిగాయి గానీ గుంజ అరగలేదు.
"చేవంటే ఇదీ. చెట్టు మాత్రం లేదు.
ఎప్పుడో అయిపోయింది."
లేదు, అని రాసుకున్నాను.

నాలుగో రోజు చెవి చిరిగిన మేక తప్పిపోయింది.
దాని గంట వెతుక్కుంటూ
మనవడు తర్సీజియో వెనక తెల్లమట్టి వాగులోకి దిగాను.
మలుపులో, బండ చాటున
ఇద్దరం చేతులు చాపినా కలవని మాను.
పొద్దుపొడుపు వైపు అరచేయంత మచ్చలు,
పాతవి పెదాల్లా మూసుకుపోయి,
ఒక్కటి మాత్రం ఇంకా ఎర్రగా.
ఎన్ని తరాల వేళ్ళో అవి, లెక్కపెట్టలేదు.

"ఇది బరఊనా కాదు" అన్నాడు తర్సీజియో.
నేనేమీ అడగలేదు.
తొమ్మిదేళ్ళవాడు, కళ్ళార్పకుండా.
"కాదు" అన్నాను.
మేక వాడికంటే ముందే ఇల్లు చేరింది.

రాత్రి చిక్కుడు గింజల కుండలో
ఒరిగిన చెంచా తిరుగుతోంది.
దీపం దగ్గర కాగితాలు సర్దుకుంటున్నాను.
ఎంత దూరం అన్న గడి ఖాళీగా ఉంది.
పక్కన, లేదు. నా దస్తూరీయే. దిద్దలేదు.

దొర్వలీనా నా పళ్ళెం దించి
నా చెప్పుల వైపు చూసింది.
ఈ ఊరి మట్టి ఎర్రన.
చెప్పుల అంచున తెల్లగా ఎండిన గీత.

చాలాసేపు చూసింది.
ఆ కరువులో, ఆ ఇంట్లో,
కుండ అడుగున మిగిలిన నీళ్ళు చెంబుతో ముంచి నా ముందు పెట్టి,
"కడుక్కో" అంది.